ఉన్ని మోకాళ్ల మొక్కను పట్టుకోవడం ఎలా?

బక్వీట్ అనగానే మనలో చాలామందికి ఏమీ గుర్తురాదు. హాస్టల్‌లో ఉత్తరాది రూమ్మేట్ ఉన్నవాళ్లకి మాత్రం నవరాత్రి ఉపవాసాల్లో వాళ్లు తినే కుట్టు పిండి పూరీలు గుర్తొస్తాయి. ఆ కుట్టే బక్వీట్. పేరు చివర 'వీట్' ఉంది కానీ గోధుమతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అది గడ్డిజాతి మొక్కే కాదు. ఉపవాసంలో గోధుమ వద్దు, కుట్టు పర్లేదు అనడం వెనక లాజిక్ అదే.

ఈ వ్యాసం మాత్రం ఆ కుట్టు గురించి కాదు. అమెరికా పశ్చిమాన, కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా రాష్ట్రాల ఎడారి కొండల్లో దానికి దూరపు చుట్టాలున్నాయి. వాటిని అక్కడివాళ్లు అడవి బక్వీట్లు అంటారు, శాస్త్రవేత్తలు ఎరియోగోనమ్ అంటారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 250 జాతులు. కొన్ని వేల మైళ్ల మేర రోడ్డు పక్కన కలుపు మొక్కల్లా ఉంటాయి. ఒకటైతే ప్రపంచం మొత్తం మీద పదెకరాల్లోనే ఉంది, దాని కింద లిథియం ఉంది. దాని గొడవ చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఈ మొక్కల్ని ఎలా గుర్తుపడతారో తెలియాలి.

మనం ఎంపీసీ బ్యాచ్. బోటనీని పదో తరగతితోనే వదిలేశాం. అందుకని వంటింటి నుంచే మొదలుపెడదాం.

చుక్కకూర కట్టతో మొదటి పాఠం

కుట్టుకీ, అడవి బక్వీట్‌కీ, మన చుక్కకూరకీ ఇంటిపేరు ఒకటే. మూడూ పాలిగోనేసి కుటుంబం. ఈసారి రైతుబజార్ నుంచి చుక్కకూర తెచ్చినప్పుడు అమ్మ పప్పులో వేసేలోపు ఒక కాడ తీసుకుని చూడండి. ఆకు పుట్టే కణుపు దగ్గర కాడ చుట్టూ పల్చటి పొర ఒకటి, ఉల్లిపొరలాగా, తొడుగులా అంటుకుని ఉంటుంది. ఈ కుటుంబంలో చాలా మొక్కలకి అదే ఐడీ కార్డు. కుట్టుకీ ఉంటుంది.

అడవి బక్వీట్‌కి ఉండదు. అందరికీ ఉన్న ఆ తొడుగు దీనికి లేకపోవడమే దీని గుర్తు. అంటే మనం చేసే మొదటి టెస్ట్, లేనిదాన్ని వెతకడం. నాకు ఇది భలే నచ్చింది.

మరి ఏం ఉంటుంది? పేరులోనే ఉంది. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఆంద్రే మిషో పెట్టిన పేరు ఇది, 1803లో అచ్చయింది. గ్రీకులో ఎరియోన్ అంటే ఉన్ని, గోను అంటే మోకాలు. ఉన్ని మోకాళ్ల మొక్క అన్నమాట. ఆయన చూసింది ఎడారి జాతిని కాదు, ఆగ్నేయ అమెరికాలో ఇసుక నేలల్లో పెరిగేదాన్ని. దాని కణుపుల దగ్గర తెల్లటి నూగు ఉంటుంది. ఎడారి జాతుల్లో చాలావాటికి ఆ నూగు కాడ మీద కంటే ఆకు కింద ఎక్కువ కనిపిస్తుంది. ఆకు తిప్పి చూస్తే కింద వైపు తెల్లగా, దుప్పటి వేసినట్టు. ఎండని వెనక్కి కొట్టడానికీ, ఉన్న కొంచెం తేమని పట్టి ఉంచడానికీ అది పనికొస్తుంది. నూగు అస్సలు లేని జాతులు కూడా ఉన్నాయి కాబట్టి పేరుని మరీ గట్టిగా నమ్మకండి.

తర్వాత పువ్వు. ఇక్కడ మూడో ఎక్కం వస్తే చాలు. పూరేకులు 6, మూడేసి చొప్పున రెండు వరసలు. కేసరాలు 9. గింజకి మూడు పలకలు. పువ్వు చిన్నది, చాలా జాతుల్లో మిరపగింజ అంత కూడా ఉండదు. కాబట్టి పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం ఉండాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి. (ఉన్ని మోకాళ్ల మొక్క కోసం మన మోకాళ్లు అరగాలి. న్యాయమే.) చుక్కకూర పువ్వుకీ గింజకీ ఇదే ఎక్కం పనిచేస్తుంది కానీ దాని కేసరాలు ఆరే.

అసలైన గుర్తు పువ్వు కింద ఉంటుంది. కాడ చివర బుల్లి గిన్నె ఒకటి, అంచుకి చిన్న చిన్న పళ్లతో. ఆ గిన్నెలోంచి వెంట్రుకల్లాంటి సన్నని కాడలతో కొన్ని పూలు బయటికి వస్తాయి. గుత్తిని చూసి మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఇలాంటి గిన్నెల గుంపు. గిన్నె లేకపోతే అడవి బక్వీట్ కాదు, అక్కడితో లూప్ బ్రేక్. గిన్నె ఉంది కానీ దాని పళ్ల చివర ముళ్లు గుచ్చుకుంటున్నాయంటే అది స్పైన్‌ఫ్లవర్, పక్కింటి చుట్టం. అడవి బక్వీట్ గిన్నె అంచు గుచ్చుకోదు. హీర్మన్ బక్వీట్ లాంటి వాటికి కొమ్మలే గట్టిపడి గుచ్చుకుంటాయి, అందుకని గుచ్చుకున్నది కొమ్మా, గిన్నె అంచా అని చూసుకోవాలి.

ఇంకొక్క విషయం. చాలా మొక్కల్లో పూరేకులు వాడి రాలిపోతాయి. వీటిలో రాలవు. కొమ్మ మీదే ఎండి, గింజ చుట్టూ కాగితంలా అతుక్కుని, తెలుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి తుప్పు రంగుకి మారతాయి. దీనివల్ల మనకో పెద్ద లాభం ఉంది. పూల సీజన్ అయిపోయాక కూడా మొక్కని గుర్తుపట్టొచ్చు.

డిసెంబర్‌లో వెళ్లేవాళ్లకి

ఎంఎస్‌కి వెళ్లిన మన సీనియర్లలో ఎక్కువమంది ఎడారిని చూసేది డిసెంబర్ సెలవుల్లోనే. వేగాస్, హూవర్ డ్యామ్, కుదిరితే డెత్ వ్యాలీ. అప్పుడు పూలు ఉండవు. కానీ బక్వీట్ అస్థిపంజరాలు నిలబడే ఉంటాయి. ఒక్కోసారి పచ్చి మొక్క కంటే ఎండిన మొక్కనే గుర్తుపట్టడం తేలిక.

మా పిన్ని కూతురు లాస్ వేగాస్‌లో ఉంటుంది. ఒకసారి ఫోటో పెట్టి, "ఒరేయ్, ఈ మొక్క గొట్టం మింగిందా ఏంట్రా?" అని అడిగింది. అది ఎడారి బాకా, డెజర్ట్ ట్రంపెట్. నేల మీద గుండ్రటి ఆకుల చక్రం ఒకటి, దాని మధ్యలోంచి ఆకుల్లేని ఒంటి కాడ లేస్తుంది. ఆ కాడ కొమ్మలుగా చీలే చోటికి కొంచెం కింద, పాము కప్పని మింగినట్టు ఉబ్బి ఉంటుంది. లోపల డొల్ల. ఆకులు త్వరగా ఎండిపోయాక ఆ కాడే పచ్చగా ఉండి ఆకు పని చేస్తుంది. ఎండిన కాడల్ని పూర్వం అక్కడి ఆదివాసులు పొగ గొట్టాలుగా వాడేవారని చెప్తారు. కాడ ఉబ్బని మొక్కలు కూడా ఉంటాయి. "నువ్వు చెప్పినట్టు లేదురా, సన్నగానే ఉంది" అని అక్క రెండో ఫోటో పెట్టింది. కొమ్మలు, గిన్నెలు చూస్తే అదీ ఇదే.

అస్థిపంజరాల్లో రెండోది పేరులోనే ఆ మాట ఉన్న స్కెలిటన్ వీడ్. ఒక్క ఏడాది బతికే మొక్క. ఎండాక ఎర్రగోధుమ రంగులో, గుడ్డ చిరిగిపోయిన గొడుగు ఊచల్లా మిగులుతుంది. దాని బుల్లి పూలన్నీ తల వంచుకుని నేల వైపు వేలాడతాయి. కాలిఫోర్నియా బక్వీట్ అయితే పొద. ఆకులు సన్నగా, అంచులు కిందికి చుట్టుకుని, కణుపు దగ్గర గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఎండిన పూల గుత్తులు చలికాలమంతా తుప్పు రంగు ముద్దల్లా కనిపిస్తాయి. కారులో వెళ్తూ గుర్తుపట్టగలిగే బక్వీట్ ఇదొక్కటే అనుకుంటా. అక్కడ తేనెటీగలు పెంచేవాళ్లకి ఇది బంగారం, దీని పేరుతోనే తేనె అమ్ముతారు.

నాకు అన్నింటికంటే ఇష్టమైంది నాప్‌కిన్‌రింగ్ బక్వీట్. డెత్ వ్యాలీ చుట్టుపక్కల కొండల్లో, సున్నపురాయి మీద తప్ప ఇంకెక్కడా లేదు. పొడవాటి డొల్ల కాడ ఎండాక అడ్డంగా చీలికలు పడి, చిన్న చిన్న ఉంగరాలుగా విడిపోతుంది. మొక్క కనపడకపోయినా దాని కింద రాళ్ల మధ్య ఉంగరాలు దొరికితే చాలు. ఇంత ఈజీ క్లూ ఇచ్చే మొక్క ఇంకోటి ఉంటుందా? ఉంగరాలు చూసి అక్కడే వదిలేయాలి. అది నేషనల్ పార్క్, అనుమతి లేకుండా ఆకు తెంపినా తప్పే.

పైకి, ఇంకా పైకి వెళ్తే మొక్కలు పొట్టివైపోతాయి. కుషన్ బక్వీట్ అనేది నేలకి అంటుకుని దిండులా పెరుగుతుంది. గోరంత ఆకులు, తెల్లటి నూగుతో, సందు లేకుండా ఇరుక్కుని ఉంటాయి. వేసవిలో దాని మీద గుండ్రటి పూల బంతులు లేస్తాయి, తెలుపు, పసుపు, ఊదా. చల్లటి గాలి పైనుంచి వెళ్లిపోతుంది, దిండు లోపల మాత్రం కాస్త వెచ్చగా ఉంటుంది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, అందుకే ఫోటో కోసం దాని మీద కాలు పెట్టడం ఘోరం.

ముందు రాయి, తర్వాత మొక్క

ఇన్ని జాతులు ఒకే ప్రాంతంలో ఎందుకు పుట్టాయి? నెవాడా మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి చూడండి. ఉత్తర దక్షిణాలుగా సన్నని కొండ వరుసలు, మధ్యలో చదునైన పొడి లోయలు. పేరున్న వరుసలే 300కి పైగా. పశ్చిమాన సియెర్రా నెవాడా పర్వతాలు పసిఫిక్ మేఘాల్ని ఆపేస్తాయి కాబట్టి లోయల్లో వాన లేదు, ఉప్పు నేలలు. కొండ మీద మాత్రం చల్లదనం, కొంచెం మంచు. కొండ మీది మొక్కకి లోయ అంటే సముద్రం లాంటిది. అంటే ప్రతి కొండ వరుసా ఒక దీవి, ఒక్కో దీవిలో మొక్క ఒక్కో దారిలో మారుతుంది. మనం ఒక కోడ్‌ని ఫోర్క్ చేసి మళ్లీ ఎప్పుడూ మెర్జ్ చేయకపోతే ఏమవుతుందో అదే.

నిలువుగా కూడా అంతే. డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్లు కింద ఉంది. దానికి ఎదురుగా కనిపించే టెలిస్కోప్ శిఖరం 3,368 మీటర్ల ఎత్తు. ఒకే చూపులో రెండూ కనిపిస్తాయి. కింద మార్చిలో పూసే జాతులుంటాయి, పైన జూలైలో పూసేవి ఉంటాయి. కాబట్టి "బక్వీట్ సీజన్ ఎప్పుడు?" అంటే "ఎంత ఎత్తులో?" అని ఎదురు అడగాలి. మామూలుగా ఎడారి పూలన్నీ వసంతంలో వచ్చి వెళ్లిపోతాయి. బక్వీట్లలో చాలా జాతులు వేసవి చివరిదాకా, కొన్ని శరదృతువులో కూడా పూస్తాయి. మిగతా కొండంతా ఎండిపోయాక కూడా పూస్తున్న మొక్క కనిపిస్తే, ముందు దీన్నే అనుమానించండి.

ఇక వెతకడం. కొత్తవాళ్లు మొక్కని వెతుకుతారు, అనుభవం ఉన్నవాళ్లు రాయిని వెతుకుతారు. అరుదైన జాతుల్లో చాలావాటికి వింత నేలలంటే ఇష్టం, లేదా మిగతా మొక్కలు ఆ నేలలో బతకలేవు కాబట్టి ఇవి అక్కడ పోటీ లేకుండా సర్దుకున్నాయి అనొచ్చు. న్యూ మెక్సికోలో ఒక జాతి జిప్సం నేల మీదే ఉంటుంది. లాస్ వేగాస్ బక్వీట్ అనే రకానికీ జిప్సం నేలలే కావాలి. ఊరు పెరిగిన కొద్దీ దాని నేల చాలావరకు ఇళ్ల కిందకి పోయింది. మా అక్క ఉండే కాలనీ కింద ఏముండేదో మరి. కాబట్టి మొదట తెరవాల్సింది పూల పుస్తకం కాదు, జియాలజీ మ్యాప్. చుట్టూ పొదలతో ముదురుగా ఉన్న కొండవాలులో ఒకచోట బట్టతలలా, తెల్లగానో లేత పచ్చగానో, ఏమీ మొలవనట్టు కనిపించే మచ్చ ఉందంటే అక్కడికి నడవాలి. దూరం నుంచి ఖాళీగా ఉన్న చోటే దగ్గరికెళ్తే పని ఉంటుంది.

ఇంకో క్లూ ఎగురుతూ వస్తుంది. వేలి గోరంత నీలం సీతాకోకచిలుకలు కొన్ని ఈ మొక్కల మీదే ఆధారపడి బతుకుతాయి. యూఫిలోటిస్ అంటారు వాటిని. గుడ్లు బక్వీట్ మొగ్గల మీదే పెడతాయి, గొంగళి పురుగులు ఆ పూలనే తింటాయి. వాటికి చీమలు కాపలా కాస్తాయి. ఒక్కో రకం తన బక్వీట్ పూసే రోజులకి సరిగ్గా సరిపోయేలా బయటికి వస్తుంది. చిన్న నీలం రెక్కలు ఒక పొద చుట్టూ దూరం పోకుండా తిరుగుతుంటే ఆ పొదని ఒకసారి చూడండి.

వెళ్లేవాళ్లకి మామూలు జాగ్రత్తలు: నీళ్లు మీకు కావాలనుకున్నదానికి రెట్టింపు, సిగ్నల్ లేకపోయినా పనిచేసే మ్యాప్, ఎక్కడికెళ్తున్నారో ఒకరికి చెప్పి వెళ్లడం. ఎండిన వాగుల్లో టెంట్ వేయొద్దు, ఎక్కడో కురిసిన వాన అక్కడికి వరదలా వస్తుంది.

ఇఫ్, ఎల్స్, జేమ్స్ రెవీల్

ఇది అడవి బక్వీటే అని తేల్చుకున్నాక, 250లో ఏది? దీనికి జేమ్స్ రెవీల్ అనే ఆయన జీవితమంతా పెట్టాడు. 2015లో చనిపోయాడు. ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా అనే గ్రంథమాలలో 2005లో వచ్చిన ఐదో సంపుటంలో ఈ ప్రజాతి భాగం ఆయనదే. దాని లోపల ఉండే 'కీ' మనకి చాలా తెలిసిన వస్తువు. అది డెసిషన్ ట్రీ. ఒక్క ఏడాది మొక్కా, చాలా ఏళ్లదా? గిన్నె కాడతో ఉందా, కొమ్మకే అతుక్కుని ఉందా? పువ్వు అడుగుభాగం సన్నగా కాడలా సాగిందా, లేదా? పూరేకు బయట వైపు నూగుందా? ఇలా ఒక్కో ప్రశ్నకీ ఒక్కో కొమ్మ పట్టుకుని వెళ్తే చివర పేరు వస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. ఎందుకంటే ప్రశ్నలు మొక్క పై నుంచి వేరు మొదలు దాకా అన్ని చోట్లా అడుగుతాయి. మనం తీసే ఫోటోలు పై నుంచి, అందంగా, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసి ఉంటాయి. వాటితో కీ రెండో ప్రశ్నకే ఆగిపోతుంది. పనికొచ్చే ఫోటోల సెట్ వేరు. మొత్తం మొక్క, నేల దగ్గర మొదలు (పోయినేటి ఎండు కాడలుంటే అది చాలా ఏళ్ల మొక్క, పీకి చూడాల్సిన పనిలేదు), ఆకు వెనక వైపు, కణుపు, పక్క నుంచి గిన్నె, పక్క నుంచి పువ్వు, చివరగా కింద ఉన్న రాయి. రాయిని అందరూ మర్చిపోతారు. పైగా సల్ఫర్ ఫ్లవర్ అనే పసుపు గొడుగుల బక్వీట్‌కి ఒక్క జాతిలోనే దాదాపు 40 రకాలున్నాయి. అక్కడికొచ్చాక పెద్దవాళ్లు కూడా కాసేపు తల గోక్కుంటారు.

"ఏఐ ఉంది కదా" అంటారా? ఐనేచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెడితే సూచన ఇస్తుంది, మామూలు జాతులకి బాగానే చెప్తుంది. కానీ ఆ మోడల్ ఫోటోల నుంచే నేర్చుకుంది. వేలల్లో ఫోటోలున్న కాలిఫోర్నియా బక్వీట్ దానికి బాగా తెలుసు. ఒకే కొండ మీద ఉన్న జాతికి ఎన్ని ఫోటోలుంటాయి? అరుదైనదాన్ని చూపిస్తే దాన్ని పోలిన మామూలుదాని పేరు చెప్పేస్తుంది. మన ఎంఎల్ క్లాసులో క్లాస్ ఇంబ్యాలెన్స్ అని చెప్పేది ఇదే. అంటే కొత్తది దొరికే అవకాశం ఉన్న చోటే యాప్‌ని తక్కువ నమ్మాలి. ఇంకోటి, ప్రమాదంలో ఉన్న జాతుల లొకేషన్‌ని యాప్ కావాలనే కలిపేసి, మైళ్ల దూరంలో ఎక్కడో చుక్క పెడుతుంది, దొంగలు వెళ్లి తవ్వుకుపోకుండా. ఆ చుక్క దగ్గరికి వెళ్లి ఏమీ లేదని తిట్టుకోకండి.

వెతుకులాటలో ఓపిక గురించి ఒక కథ, ఇది ఎడారిది కాదు కానీ చెప్పాలనిపించింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మౌంట్ డయాబ్లో అనే కొండ మీది బక్వీట్‌ని 1936లో మేరీ బోవర్‌మన్ చూసింది. తర్వాత ఎవరికీ దొరకలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 2005 మేలో మైఖేల్ పార్క్ అనే బర్క్‌లీ విద్యార్థికి కొన్ని మొక్కలు కనిపించాయి. 69 ఏళ్ల తర్వాత. గుర్తుపట్టగలిగాడంటే, దానికి పక్కన పెరిగే మామూలు బక్వీట్‌కీ దీనికీ తేడా ఏంటో తెలుసు కాబట్టే.

పదెకరాలు

ఇప్పుడు మొదట్లో చెప్పిన మొక్క. నెవాడాలో ఎస్మెరాల్డా కౌంటీ, సిల్వర్ పీక్ కొండ వరుస, అందులో రయొలైట్ రిడ్జ్. 1983లో ఆర్నాల్డ్ టీమ్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ లేత రంగు నేల మీద పొట్టి బక్వీట్ ఒకటి చూశాడు. బూడిద రంగు ఆకుల దుబ్బు, ఆకుల్లేని కాడల చివర లేత పసుపు పూల బంతులు. తెలియనివాళ్లకి ఇంకో కుషన్ బక్వీట్ లాగే అనిపిస్తుంది. ఆయనకి అనిపించలేదు. రెవీల్ దాన్ని పరిశీలించి 1985లో కొత్త జాతిగా ప్రకటించి, టీమ్ పేరే పెట్టాడు. అలా అది టీమ్ బక్వీట్ అయింది. లెక్కేస్తే మొత్తం పదెకరాలు. ఆ నేలలో లిథియం, బోరాన్ ఎక్కువ. అక్కడ ఇంకే మొక్కలూ పెద్దగా లేకపోవడానికి ఆ నేలే కారణం, గని కంపెనీ అక్కడికి రావడానికీ ఆ నేలే కారణం. ఐయోనీర్ అనే ఆస్ట్రేలియా కంపెనీ అక్కడ లిథియం తవ్వాలనుకుంది, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల కోసం.

2020 సెప్టెంబర్‌లో ఒక్కసారిగా 17,000కి పైగా మొక్కలు నాశనమై కనిపించాయి. వేర్లతో సహా తవ్వేసి ఉన్నాయి. మనుషులే చేశారని పెద్ద గొడవ అయింది. ప్రభుత్వం డీఎన్ఏ పరీక్షలు చేయించింది, ఉడుతలు చేశాయని తేలింది. కరువు ఏడాది, నీళ్ల కోసం అవి వేర్లు కొరికి ఉంటాయన్నారు. పదెకరాల్లో మాత్రమే ఉన్న జాతి అంటే అర్థం అదీ. ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, ఒక్క ఎండాకాలం, ఆకలేసిన ఉడుతలు చాలు.

2022 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించి, దాని చుట్టూ 910 ఎకరాల్ని కీలక ఆవాసంగా గుర్తించింది. ఇక్కడే గుర్తుపట్టడం అనే పనికి బరువు వస్తుంది. ఆ దేశపు 1973 చట్టం ప్రకారం వెన్నెముక ఉన్న జంతువుల్లో అయితే ఒక ప్రాంతపు గుంపుని విడిగా కాపాడొచ్చు. మొక్కలకి ఆ సౌకర్యం లేదు. జాతిగానో ఉపజాతిగానో రకంగానో దానికంటూ ఒక పేరు ఉండాలి. టీమ్ ఆ రోజు "ఇది మామూలుదే" అనుకుని వెళ్లిపోయి ఉంటే, చట్టం దృష్టిలో అక్కడ కాపాడటానికి ఏమీ లేదు. గిన్నె ఆకారం, పూరేకు నూగు, కాడ పొడవు, ఇలాంటి తేడాలే కోర్టుకి వెళ్లే కాగితం అవుతాయి.

2024 అక్టోబర్‌లో సవరించిన ప్లాన్‌తో గనికి అనుమతి ఇచ్చారు. మొక్కల్ని నేరుగా తవ్వం, వాటి చుట్టూ వదిలేస్తాం అని కంపెనీ అంది. గుంట అంత దగ్గర్లో ఉంటే దుమ్ము పడుతుంది, పరాగసంపర్కం చేసే పురుగులు పోతాయి అని పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్లాయి.

నేనిది టైప్ చేస్తున్న ల్యాప్‌టాప్‌లోనూ లిథియమే ఉంది, కాబట్టి గనులే వద్దు అనే ధైర్యం నాకు లేదు. కానీ ఇద్దరి వాదనా ఒకే బరువు అని కూడా నాకనిపించట్లేదు. లిథియం నెవాడాలోనే ఇంకో చోటా ఉంది, చిలీలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది. ఈ మొక్క ఇక్కడే ఉంది. పైగా ఆ కొండల్లో లిథియం కోసం గుర్తు పెట్టుకున్న తెల్ల మచ్చలు ఇంకా చాలా ఉన్నాయి. బక్వీట్ వెతికేవాళ్లు ముందు నడిచి చూడాలనుకునేదీ సరిగ్గా అలాంటి మచ్చల మీదే.